పరదేశపు నర్సమ్మలు మన ఆసుపత్రికి వస్తున్నప్పుడు

కర్నూలు

అమ్మాయ్,

నీ ఉత్తరం అందింది. నేపాల్, బంగ్లాదేశ్, ఇథియోపియాల నుంచి పన్నెండు మంది ఆరోగ్య కార్యకర్తలు వస్తున్నారనీ, పది రోజులు మీ పీహెచ్‌సీలో ఉండి కుటుంబ నియంత్రణ పని చూస్తారనీ, వాళ్లకు చూపించే బాధ్యత నీ మీద పడిందనీ రాశావు. గోడలకు సున్నం కొట్టించాలా, బ్యానర్ మీద ఏం రాయించాలి, శాలువాలు ఎన్ని తేవాలి అని అడిగావు. అవన్నీ పక్కన పెట్టు తల్లీ. వాళ్లు చూడాల్సింది నీ చేతులు, నీ రిజిస్టర్, నీ బ్లీచింగ్ బకెట్.

బీద దేశాలు ఒకదాని దగ్గర ఒకటి పని నేర్చుకోవడం కొత్త కాదు. 1978లో బ్యూనస్ ఐరిస్‌లో ఐక్యరాజ్య సమితి సభ ఇందుకోసమే ఒక ప్రణాళిక ఒప్పుకుంది. 1994లో కైరో జనాభా సభ జరిగినప్పుడు బంగ్లాదేశ్, కెన్యా, ఈజిప్ట్, ఇండోనేషియా, థాయ్‌లాండ్ లాంటి పది దేశాలు చేతులు కలిపి, కుటుంబ నియంత్రణలో ఒకరి అనుభవం ఒకరికి అందించుకోవడానికి ఒక సంస్థ పెట్టుకున్నాయి. దాని కార్యాలయం ఢాకాలో ఉంది. మన దేశమూ తర్వాత అందులో చేరింది. మనం రోజూ చెప్పే కుట్లు లేని వేసెక్టమీ, అంటే మగవాళ్ల కు.ని. ఆపరేషన్, కూడా అట్లా ఊళ్లు దాటి వచ్చిందే. 1974లో చైనాలోని సిచువాన్‌లో లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు కత్తి బదులు రెండు చిన్న పనిముట్లతో చేయవచ్చని చూపించాడు. అక్కడి నుంచి థాయ్‌లాండ్‌కు, తర్వాత మిగతా దేశాలకు, మనకూ వచ్చింది.

కానీ పద్ధతి ఒక్కటే ప్రయాణం చేసి ప్రయోజనం లేదు. దాని వెంట సరుకు రావాలి, తర్వాత చూసుకునే మనిషి రావాలి, తేడా వస్తే పెద్దాసుపత్రికి చేర్చే దారి రావాలి. నువ్వు ఏది చూపించినా ఈ మూడూ కలిపి చూపించు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను.

మొదట గది సంగతి. మన ఆడవాళ్లు మందులు తీసుకోవడానికి వస్తారు గానీ ఎవరికో చూపించుకోవడానికి కాదు. ఎవరి దగ్గర అతిథులు కూర్చుంటారో ఆమెను ముందు రోజే అడగాలి, అదీ నువ్వే అడగాలి. ఆశాతో అడిగిస్తే ఒకే వీధి మనిషి కాబట్టి మొహమాటానికి సరే అంటుంది. "వద్దంటే నీ వైద్యంలో వెంట్రుకవాసి తేడా రాదు" అని నోటితో చెప్పు. మరుసటి రోజు తలుపు దగ్గర ఇంకోసారి అడుగు. రెండోసారి తటపటాయిస్తే అది వద్దని అర్థం. గదిలోకి ఒకసారికి ఇద్దరు అతిథులు, ఒక దుబాసీ, అంతే. లోపలి పరీక్ష మొదలయ్యేసరికి ఆ ఇద్దరూ బయటికి రావాలి. ఫోన్లన్నీ బయట ట్రేలో పెట్టించు. ఈసీ రిజిస్టర్, అదే పిల్లలు కనే వయసు దంపతుల పుస్తకం, చూపించేటప్పుడు పేర్లు, ఫోన్ నంబర్ల వరుస మీద అట్టముక్క క్లిప్పు పెట్టి కప్పెయ్యి.

దుబాసీగా ఆ ఊరి మనిషిని పెట్టొద్దు. ఆదోని వైపు తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ నడుస్తాయి. నీ దగ్గరికొచ్చే ఆమె ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో ముందే రాసుకో. దుబాసీని ముందు రోజు పిలిచి కూర్చోబెట్టి ముట్టు, ఎర్రబట్ట, తెల్లబట్ట, గర్భసంచి, చనుబాలు, కడుపు నిలవడం, కడుపు పోవడం లాంటి ఒక పన్నెండు మాటలకు వాళ్ల మాట ఏమిటో తేల్చుకో. ఇక్కడే పొరపాట్లు ఎక్కువ. "సూది వేయించుకుంటే కొన్నాళ్లకు ముట్టు ఆగుతుంది" అన్నది "ఇక పిల్లలు పుట్టరు" అని అవతలికి చేరితే రెండు దేశాల్లోనూ ఆ సూది పేరు చెడుతుంది. మాట్లాడేటప్పుడు దుబాసీ మొహం చూడొద్దు, ఆమె మొహమే చూడు. రెండు వాక్యాలు చెప్పి ఆగు.

ఇంకొక ఖచ్చితమైన గీత. వచ్చిన వాళ్లు ఎంత అనుభవజ్ఞులైనా మన ఆడవాళ్ల మీద చేయి వేయకూడదు. ఇక్కడి కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ లేనివాళ్లు వైద్యం చేయడం చట్టం ఒప్పదు, ఏదైనా జరిగితే ఆ బాధ ఆమెకే గదా. కాపర్-టీ వేయడం, సూది వేయడం, అంతా బొమ్మల మీదే. కటి బొమ్మ జోయీ ఒకటి, కాన్పైన వెంటనే ఉండే గర్భసంచి బొమ్మ మామా-యూ ఒకటి తెప్పించుకో. పన్నెండు మందికి అవి చాలు, నలుగురి చొప్పున మూడు జట్లు చెయ్యి.

కౌన్సెలింగ్ ఎట్లా చూపించాలంటే, ఒక స్టీలు ట్రేలో నిరోధ్, రోజూ వేసుకునే మాలా-ఎన్ మాత్ర, వారాల లెక్కన వేసుకునే ఛాయ మాత్ర, అత్యవసర మాత్ర, మూడు నెలలకోసారి వేసే అంతర సూది మందు సీసా, కాపర్-టీ 380ఏ, కాపర్-375, ఒక్కొక్కటి విప్పి పెట్టు. ఆమె చేత్తో పట్టుకుని చూడాలి. కాపర్-టీ చేతిలో పెడితే సగం భయం పోతుంది, కొడవలి అంత ఉంటుందనుకుని వచ్చేవాళ్లున్నారు. ముందు అడగాల్సింది ఏ పద్ధతి కావాలని కాదు, ఇంకా బిడ్డలు కావాలా, కావాలంటే ఎన్నేళ్ల తర్వాత అని. తర్వాత చనుబాలు ఇస్తోందా, భర్త ఊళ్లో ఉంటాడా, ఇంతకు ముందు ఏం వాడింది, ఎందుకు మానేసింది. మానేసిన కారణంలోనే ఈసారి ఏమివ్వాలో దొరుకుతుంది. బీపీ చూడకుండా మాలా-ఎన్ గానీ అంతర గానీ ఇవ్వొద్దు.

కడుపు లేదని తేల్చుకునే ఆరు ప్రశ్నల కాగితాన్ని అతిథుల ముందు తప్పకుండా వాడు. ముట్టులో ఉంటేనే రమ్మని తిప్పి పంపే అలవాటు ఆఫ్రికాలోనూ ఉండేది, మనకూ ఉంది. తిప్పి పంపినామె మళ్లీ వచ్చేసరికి మూడో నెల. 1999లో కెన్యా క్లినిక్‌లలో ఈ ప్రశ్నలను పరీక్షించి చూశారు. కడుపు లేదని ఇవి తేల్చినప్పుడు నూటికి 99 సార్లు నిజమే అయింది. అవి ఇవి. కాన్పై ఆరు నెలల లోపేనా, బిడ్డకు చనుబాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా ఉండి ఇంకా ముట్టు రాలేదా? పోయిన ముట్టు నుంచి, లేదా కాన్పు నుంచి, భర్తతో కలవలేదా? కాన్పై నాలుగు వారాల లోపేనా? ముట్టు మొదలై ఏడు రోజుల లోపేనా? కడుపు పోయి ఏడు రోజుల లోపేనా? నమ్మదగ్గ పద్ధతి ఏదైనా తప్పకుండా వాడుతోందా? ఒక్కదానికి అవునన్నా, వేవిళ్ల లాంటి లక్షణాలు లేకపోతే, ఈ రోజే మొదలుపెట్టవచ్చు. అన్నిటికీ కాదంటే నిశ్చయ్ కిట్‌తో పరీక్ష, లేదా ముట్టు వచ్చేదాకా నిరోధ్ ఇచ్చి పంపడం. కెన్యాలో పరీక్షించి చూసిన ఆ కాగితం మన కర్నూలు పల్లెలో పనిచేస్తోందని చూస్తే, ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఏమిటో నువ్వు ఉపన్యాసం చెప్పక్కర్లేదు.

అంతర గురించి కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే తప్పులు ఇందులోనే ఎక్కువ, ఇథియోపియా వాళ్లకు దీని మీదే ఆసక్తి ఎక్కువ, వాళ్ల దగ్గర ఎక్కువ మంది వాడేది సూదే. ఒక సీసాలో 1 మి.లీ. ఉంటుంది, అందులో 150 మి.గ్రా. మందు. మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి ఎక్కించే ముందు బాగా ఊపాలి. ఊపకపోతే నీళ్లు పైకొచ్చి మందు సీసాలోనే మిగులుతుంది, ఆమెకు సగం మోతాదే అందుతుంది. భుజం కండలో గానీ పిరుదు కండలో గానీ లోతుగా వేయాలి. వేశాక రుద్దకూడదు. మన ఆయాలు మమకారంతో దూదితో రుద్దుతారు, దాంతో మందు తొందరగా కరిగి మూడు నెలలు రాదు. ఆయాకు, వెంట వచ్చిన అత్తకు ఇద్దరికీ ఆ మాట చెప్పాలి. సీసాలు 15 నుంచి 30 డిగ్రీల మధ్య, నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచాలి. మన కర్నూలు ఎండ 40 దాటుతుంది, అట్లాగని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, టీకాలు ఉంచే ఐఎల్ఆర్ పెట్టె మీద కూడా పెట్టొద్దు. పడమటి గోడకు దూరంగా, ఆసుపత్రిలో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో కింది అర చాలు.

ముట్టు మొదలైన ఏడు రోజుల లోపు వేస్తే వేరే జాగ్రత్త అక్కర్లేదు. ఆ తర్వాత వేస్తే మరో ఏడు రోజులు నిరోధ్ వాడాలి. పాలిచ్చే తల్లికైతే కాన్పైన ఆరు వారాల తర్వాతే. తర్వాతి సూది మూడు నెలలకు. రెండు వారాలు ముందైనా వేయవచ్చు, నాలుగు వారాలు ఆలస్యమైనా వేయవచ్చు. వేయకముందే చెప్పాల్సినవి రెండు. మొదటి నెలల్లో ఎర్రబట్ట అప్పుడొకసారి ఇప్పుడొకసారి కనపడుతుంది, తర్వాత ముట్టు ఆగిపోవచ్చు, దానివల్ల ఒంట్లో చెడు రక్తం నిలవ ఉండదు. సూది మానేశాక బిడ్డ నిలవడానికి ఆఖరి సూది నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టవచ్చు. ఈ రెండూ ముందే చెబితే రెండో సూదికి తిరిగి వస్తుంది. చెప్పకపోతే మొదటిసారి మచ్చ కనపడగానే ఊళ్లో పదిమందిని కూడగట్టుకుని మానేస్తుంది. తప్పు ఆమెది కాదు.

మన దగ్గర సుగ్గి అనే మాట ఉంది, దాన్ని అతిథులకు విడమరిచి చెప్పు. కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి మిరపకోతకు, పత్తి ఏరడానికి గుంటూరు దిక్కు వలసపోతారు, ఉగాదికి ఇళ్లకు చేరతారు, ఆ వలసే సుగ్గి. అంతర కార్డు మీద తేదీ వాళ్లు లేనప్పుడు పడుతుంది. లెక్క ఇట్లా చూపించు. ఒకామెకు సూది తేదీ జనవరి 5. కుటుంబం డిసెంబర్ 24న లారీ ఎక్కుతోంది. రెండు వారాలు ముందు వేయవచ్చు కాబట్టి డిసెంబర్ 22 నుంచే వేయవచ్చు. 24 పొద్దున వేస్తే తర్వాతిది మార్చి 24కు, నాలుగు వారాల వెసులుబాటు కలిపితే ఏప్రిల్ 21 దాకా. ఉగాది దాటి వచ్చినా సరిపోతుంది. అందుకే దీపావళి కాగానే ఆశాలను కూర్చోబెట్టి ఎవరు వలసపోతున్నారు, ఏ తేదీ, ఏ సూది అని ఒక పేజీ రాయించాలి. తేదీ అట్లా కుదరని వాళ్లకు కార్డు ఇచ్చి, అక్కడి సర్కారు ఆసుపత్రిలో చూపించమని చెప్పి, చేతికి నిరోధ్ కూడా ఇవ్వాలి. ఈ పేజీని అతిథులు ఫొటో తీసుకోవాలంటే పేర్లు కప్పి తీసుకోనివ్వు. వాళ్లు ఇంటికి తీసుకుపోదగ్గ సరుకుల్లో ఇది ఒకటి.

నేపాల్ వాళ్లతో ఇక్కడే చాలాసేపు కూర్చో. వాళ్ల మగవాళ్లు గల్ఫ్‌కూ మలేషియాకూ పోతారు, మన కడప దిక్కు రాయచోటి, రాజంపేటల నుంచి కువైట్ పోయినట్టే. మన రిజిస్టర్లలో "భర్త కువైట్" అని రాసి ఆ పేరు మీద గీత కొట్టేస్తాం, అదే తప్పు. ఏడాదికో రెండేళ్లకో నెల సెలవు మీద వస్తాడు, కడుపు నిలిచేది ఆ నెలలోనే. ఫోనులో టికెట్ తేదీ తెలిసిన రోజే ఆమె మన దగ్గరికి రావాలి. మాలా-ఎన్ అయితే అతను రావడానికి ముందు ముట్టులోనే మొదలుపెట్టించాలి. కాపర్-టీ ఉన్నామె "ఆయన లేడుగా, తీసేయండి" అంటే తీయాల్సిందే, అది ఆమె ఇష్టం, కానీ తీసే ముందు సెలవు తేదీ అడుగు. అత్యవసర మాత్ర 72 గంటల లోపు వేసుకోవాలని, ఎంత ముందు వేసుకుంటే అంత మేలని చెప్పి ఒకటి ఇంట్లో ఉంచుకోమను. నేపాల్‌లో దసరాకు ఇంటికొచ్చే మగవాళ్ల కోసం వాళ్లు ఏం చేస్తారో అడుగు. వేసెక్టమీ కూడా వాళ్ల దగ్గర మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన రాష్ట్రంలో వందమందిలో ఒక్కరు కూడా లేరు. మగవాడి దగ్గర ఆ మాట ఎవరు ఎత్తుతారు, ఏ చోట ఎత్తుతారు, ఇంటి దగ్గరా పొలం దగ్గరా, అని వివరంగా అడిగి రాసుకో. మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్షలో ఏమీ లేదని తేలాకే నమ్మాలన్న సంగతి అక్కడా ఇక్కడా మరిచిపోయేదే.

ఛాయ మాత్ర వాళ్లలో చాలామందికి కొత్తగా ఉంటుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థలో తయారైంది, హార్మోన్ లేదు, 30 మి.గ్రా. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆదివారం బుధవారం అన్నట్టు. తర్వాత వారానికి ఒకటే, మొదటి మాత్ర ఆదివారం వేసుకుంటే ఇక ఆదివారమే. మొదటిది ముట్టు మొదలైన రోజున. రెండు నుంచి ఒకటికి మారే నెలలోనే గల్లంతు జరుగుతుంది, కాబట్టి ఆ తేదీని స్ట్రిప్ వెనక పెన్నుతో రాసివ్వాలి. అండాశయాల్లో నీటిబుడగలున్నవాళ్లకు, ఈమధ్య పచ్చకామెర్లు వచ్చినవాళ్లకు ఇవ్వరు. అతిథులు ఒక స్ట్రిప్ పట్టుకుపోతామంటారు. ఇవ్వొద్దు. వాళ్ల దేశంలో ఆ మందుకు అనుమతి ఉందో లేదో వాళ్ల ప్రభుత్వం చూసుకోవాలి. ఖాళీ అట్టపెట్టె ఇవ్వు.

కాన్పైన వెంటనే వేసే కాపర్-టీ చూపించేటప్పుడు లేబర్ రూంలో కాకుండా గర్భిణుల పరీక్ష రోజున మొదలుపెట్టు. మాట అడగాల్సింది ఐదో నెలలో, ఏడో నెలలో. నొప్పులు పడుతున్నామె చేత సంతకం పెట్టించడం సంతకం కాదు. చెప్పకుండా వేయడం అంతకంటే పెద్ద అపచారం, ఒక్క ఊళ్లో అట్లా జరిగితే పదేళ్లు ఆ ఊళ్లో కాపర్-టీ మాట ఎత్తలేం. మాయ పడిన పది నిమిషాల లోపు, లేదంటే 48 గంటల లోపు వేస్తారు. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, జ్వరం ఉన్నా, రక్తస్రావం ఆగకపోయినా వేయకూడదు. కెల్లీ ఫోర్సెప్స్ అనే పొడవాటి పట్టకారుతో పట్టుకుని గర్భసంచి పై అంచుదాకా పోవాలి, రెండో చెయ్యి పొట్ట మీద పెట్టి ఆ అంచును తాకి చూసుకోవాలి. అక్కడ వదిలి, ఫోర్సెప్స్‌ను పక్కకు జరిపి, కొంచెం తెరిచే ఉంచి మెల్లగా వెనక్కి తీయాలి. మూసి తీస్తే దారం చిక్కుకుని కాపర్-టీ కిందికి జారుతుంది. తర్వాత ఊడిపోయిందన్న కేసుల్లో ఎక్కువ భాగం పైదాకా పోకపోవడం వల్లనే. బొమ్మ మీద ఒక్కొక్కరు కనీసం పదిసార్లు చేయాలి. ఆరు వారాలకు మళ్లీ చూడాలి, దారం అప్పుడు కిందికొస్తే కత్తిరించాలి. ఆ ఆరు వారాల రిజిస్టర్‌ను వాళ్లకు చూపించు, అందులో ఖాళీ గళ్లు ఉంటే ఖాళీగానే చూపించు.

బ్లీచింగ్ ద్రావణం వాళ్ల చేతే కలిపించు. లీటరు నీళ్లకు సమంగా గీసిన మూడు టీస్పూన్ల పొడి, అంటే 15 గ్రాములు. ముందు కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి తర్వాత మిగతా నీళ్లు పోయాలి. ప్లాస్టిక్ బకెట్, రోజూ కొత్తది, పనిముట్లు పది నిమిషాలు. గంటలకొద్దీ నానబెడితే ఇనుము తుప్పు పడుతుంది. తెరిచి పెట్టిన పొడి సంచీలో సత్తువ ఉండదు, ఎంత ఘాటుగా వాసన కొట్టినా సరే.

ఇక బరువైన మాట. మన రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లైన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మందికి కు.ని. ఆపరేషన్ అయి ఉంది, సగటున ఒకామెకు 1.7 మంది పిల్లలే. దీన్ని వాళ్ల ముందు గొప్పగా చెప్పొద్దు. ఇద్దరు పుట్టగానే, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్, దాని ముందు ఏ పద్ధతీ లేదు. ఎడం పెట్టుకునే వీలు ఆమెకు మనం ఇవ్వలేదని ఆ అంకె చెబుతోంది. 1952లోనే కార్యక్రమం మొదలుపెట్టిన దేశం మనది. 1975-77లో బలవంతపు వేసెక్టమీలు చేసి మగవాళ్లను తరాల పాటు భయపెట్టుకున్నదీ మనమే. ఇంతమందికి చేయాలన్న టార్గెట్లు తీసేసింది 1996లో. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో, ఒకే డాక్టరు, కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశాడు, పదిమందికి పైగా ఆడవాళ్లు చనిపోయారు. ఒక జట్టు రోజుకు 30కి మించి చేయకూడదన్న నియమం అప్పటికే ఉంది. 2016లో సుప్రీంకోర్టు క్యాంపులను మూడేళ్లలో మానేయమంది. ఇవన్నీ వరసగా, తేదీలతో, ఒక పూట కూర్చుని చెప్పు. క్యాంపు చూసిపోయి తమ దేశంలో క్యాంపు పెట్టే ప్రమాదం నిజంగా ఉంది, ఎందుకంటే అంకె తొందరగా పెరిగేది అందులోనే. ఆపరేషన్‌కు 22 ఏళ్లు నిండాలి, కనీసం ఒక బిడ్డకు ఏడాది దాటాలి, సంతకం ఆమెదే, భర్త సంతకం అక్కర్లేదు అన్న నియమాలూ చూపించు. ఆ చివరిది విని కొందరు ఆశ్చర్యపోతారు.

వాళ్ల దగ్గర నువ్వు నేర్చుకోవాల్సినవి మూడు రాసి పెట్టుకో.

బంగ్లాదేశ్ వాళ్లను మొదట కండోమ్ బెలూన్ అడుగు. ఢాకా డాక్టరు సాయెబా అఖ్తర్ తెచ్చిన పద్ధతి అది. కాన్పు తర్వాత మందులకు ఆగని రక్తస్రావానికి, శుభ్రమైన క్యాథెటర్ కొసకు కండోమ్ కట్టి, గర్భసంచిలో పెట్టి, సెలైన్ 250 నుంచి 500 మి.లీ. దాకా ఎక్కిస్తారు. లోపలి నుంచి ఒత్తి రక్తం ఆపుతుంది. ఆక్సిటోసిన్ నడుస్తూనే ఉండాలి, 24 గంటల్లోపు మెల్లమెల్లగా నీళ్లు తీయాలి. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి అంబులెన్స్ ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. దారం ఎక్కడ కడతారు, ఎక్కడ జారుతుంది, అది వాళ్ల చేతులే చూపించాలి. నువ్వు నేర్చుకున్నా, మీ డాక్టరమ్మ ఒప్పుకుని అందరికీ శిక్షణ అయ్యాకే లేబర్ రూంలోకి రావాలి. రెండోది మత్లబ్ సంగతి. ఢాకా దగ్గర ఆ ప్రాంతంలో 1975లో ఇంటింటికీ మాత్రలు, నిరోధ్ పంచారు, వాడకం కొన్నాళ్లు పెరిగి మళ్లీ పడిపోయింది. 1977లో పద్ధతి మార్చి, ఆ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, సూదితో సహా అన్ని రకాలూ పెట్టి, ఇబ్బంది వచ్చినామె ఇంటికి మళ్లీ పోవడం మొదలుపెట్టాక పెరిగిన వాడకం నిలబడింది. మన ఆశాలకు ఈ ముక్క చెప్పించు, దుబాసీతోనైనా సరే.

ఇథియోపియాలో 2003 నుంచి పల్లె పల్లెకూ జీతమిచ్చి ఇద్దరేసి ఆరోగ్య కార్యకర్తలను పెట్టారు, అందరూ ఆ చుట్టుపక్కల ఆడపిల్లలే. 2009 నుంచి చేతి చర్మం కింద పెట్టే ఒక్క పుల్ల ఇంప్లాంట్‌ను వాళ్లే వేస్తున్నారు. వేయడం ఎట్లా అని అందరూ అడుగుతారు. నువ్వు తీయడం సంగతి అడుగు. గడువు తీరాక తీయాలి, వేసేవాళ్లు ఎక్కువై తీసేవాళ్లు తక్కువైతే ఆడవాళ్లు ఎక్కడికి పోతారు? ఆ ఇబ్బంది వాళ్లు పడ్డారు. మన దగ్గరికి ఏ కొత్త పద్ధతి వచ్చినా ముందు ఆ ప్రశ్నే వేయాలి.

తిండి గురించి రెండు మాటలు. ఇథియోపియా క్రైస్తవులలో చాలామందికి బుధ, శుక్రవారాలు ఉపవాసం, మాంసం కాదు గదా పాలు, పెరుగు, నెయ్యి కూడా ముట్టరు. ఆ రోజుల్లో జొన్నరొట్టె, వంకాయ, వేరుశనగ కారంపొడి పెట్టు, టీ పాలు లేకుండా. పొద్దున ఉగ్గాని ఎవరికైనా పడుతుంది, మిరపకాయ బజ్జీ మాత్రం అడిగి వడ్డించు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోయేవాళ్లకు రెండు గంటలు వదిలెయ్యి.

తొమ్మిదో రోజు ప్రతి ఒక్కరి చేత ఒకే ఒక్క కాగితం రాయించు. ఇక్కడి నుంచి తీసుకుపోయేది ఒక్కటే ఏది? దానికి మీ ఊళ్లో ఏం మారాలి? ఎవరి అనుమతి కావాలి? సరుకు ఎవరిస్తారు, నెలకు ఎంత? మొదటి రోజు ఏ తేదీ? నాలుగో ప్రశ్న దగ్గర అందరూ ఆగిపోతారు, అక్కడే కూర్చోబెట్టి లెక్క నేర్పు. 40 మంది అంతర వాడుతుంటే మూడు నెలలకు 40 సీసాలు. అరలో కనీసం ఇంకో మూడు నెలలకు సరిపడా ఉండాలి, అంటే కొత్త సరుకు వచ్చిన రోజుకు 80, కొత్తగా చేరేవాళ్లకు ఇంకో పది. స్టాక్ 40కి దిగిన రోజునే ఇండెంట్ పెట్టాలి. సూది దొరకక తిరిగిపోయినామె మన మీద నమ్మకం పోగొట్టుకుంటుంది. వాళ్లు పోయాక మూడో నెలలో ఒకసారి, ఆరో నెలలో ఒకసారి అదే కాగితం పట్టుకుని ఫోనులో అడుగు. వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి గానీ అందులో ఏ ఆడమనిషి పేరూ, ఫొటో, రిపోర్టూ పోకూడదు.

బొమ్మలు కర్నూలు నుంచి తేవాలంటే ఇప్పుడే అడుగు, శిక్షణలున్న వారాల్లో దొరకవు. జోయీ బొమ్మ లోపలి రబ్బరు గర్భసంచి చిరిగి ఉంటుంది, విప్పి చూసి తీసుకో. సుగ్గి పేజీ సాఫుగా రాసి నాకు ఒక కాపీ పంపు, తేదీల లెక్క నేనూ ఒకసారి చూస్తాను.

ఆశీస్సులతో
నీ పెద్దమ్మ